ఎండ మనది, కరెంటు నిలకడ ఎవరిది?

రాయలసీమ అనగానే సభల్లో వక్తలకు మొదట గుర్తుకొచ్చే మాట కరువు. ధాత కరువుతో మొదలుపెట్టి నిన్న మొన్నటి వేరుశెనగ నష్టం దాకా మనం విన్నన్ని కరువు ఉపన్యాసాలు మరే ప్రాంతంవాళ్ళూ విని ఉండరు. ఆ ఉపన్యాసాలన్నిటిలోనూ ఎండ ముద్దాయి. చెరువు ఎండబెట్టింది ఎండ, చేను మాడ్చింది ఎండ. అయితే గడచిన పదేళ్ళలో ఈ ముద్దాయి హోదా మారిపోయింది. మన ఎండను వెతుక్కుంటూ పెద్ద పెద్ద కంపెనీలు వస్తున్నాయి.

2017లో ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో, గని–శకునాల గ్రామాల నేల మీద 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు పూర్తయింది. దాదాపు 6 వేల ఎకరాలు, 40 లక్షలకు పైగా సోలార్ ప్లేట్లు. ఆనాటికి ఒకేచోట ఉన్న సౌర పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదని దానికి పేరొచ్చింది. కడప వైపు మైలవరం మండలంలో మరొకటి, అనంతపురం సరిహద్దున నంబులపూలకుంట–గాలివీడు దగ్గర ఇంకొకటి వెలిశాయి. ఇవి చూసి గర్వపడని సీమవాసి ఉండడు. నేనూ గర్వపడుతున్నాను. కాని విద్యుత్ ఇంజనీరింగు చదువుతున్న విద్యార్థిగా, బోరు మోటారు మీద బతికే రైతు కొడుకుగా, ఆ గర్వంతో పాటు ఒక ప్రశ్న కూడా నన్ను వదలడం లేదు. ఎండ నుంచి కరెంటు తీయడం ఈరోజు పెద్ద విశేషం కాదు. తీసిన కరెంటును నిలకడగా నిలబెట్టడం విశేషం. ఆ నిలబెట్టే భారం ఇన్నాళ్ళూ ఎవరు మోశారు? ఇకముందు ఎవరు మోయాలి?

ఇతర శాఖల మిత్రుల కోసం విషయాన్ని మొదటినుంచీ చెబుతాను. మన కె.సి. కెనాల్‌లో నీళ్ళు వదిలితే కాసేపైనా కాలువలో నిలుస్తాయి. పైన సుంకేసులలో గేటు దించినా కింద కొంతసేపు పారుతూనే ఉంటుంది. కరెంటుకు ఆ వెసులుబాటు లేదు. ఏ క్షణాన ఎంత వాడుతున్నామో ఆ క్షణాన అంతే పుట్టాలి. ఎక్కువ పుట్టినా చిక్కే, తక్కువ పుట్టినా చిక్కే. ఈ జమాఖర్చు సరిగ్గా ఉందో లేదో చెప్పే కొలబద్ద ఒకటుంది. దాన్నే ఫ్రీక్వెన్సీ అంటాం. మన దేశంలో అది సెకనుకు 50 ఆవృత్తులు. 49.90కీ 50.05కీ మధ్య ఉండాలని నిబంధన. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే 50 కిందికి దిగుతుంది, ఉత్పత్తి ఎక్కువైతే పైకెక్కుతుంది.

ముద్దనూరు దగ్గరి మన రాయలసీమ థర్మల్ కేంద్రంలో టర్బైన్లు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. సెకనుకు 50 అన్నమాట. అదే తాళానికి రామగుండంలో, నైవేలిలో, ఎక్కడో ఉత్తరాదిన ఉన్న యంత్రాలు కూడా తిరుగుతుంటాయి. పండగపూట బండలాగుడు పోటీలో కాడికి కట్టిన ఎద్దులు ఒకే అడుగు వేసినట్టుగా దేశంలోని జనరేటర్లన్నీ ఒకే అడుగు వెయ్యాలి. ఒకటి హఠాత్తుగా ఆగిపోతే ఆ బరువు మిగిలినవాటి మీద పడుతుంది. అప్పుడు మొదటి కొన్ని సెకన్లు గ్రిడ్‌ను కాపాడేది ఇంజనీరు కాదు, ఆ తిరిగే ఇనుము బరువు. మా జేజి విసుర్రాయి తిప్పుతూ మధ్యలో చెయ్యి వదిలినా రాయి ఇంకో అరచుట్టు తిరిగేది. అదే సూత్రం. ఆ అరచుట్టు వ్యవధిలో గవర్నర్లు మేలుకొని ఆవిరినో నీటినో పెంచుతాయి.

సోలార్ ప్లేటులో తిరిగే రాయి లేదు. సూర్యుడి వెలుగు పడగానే కరెంటు పుడుతుంది, మబ్బు కమ్మగానే తగ్గుతుంది. ఇన్వర్టరనే ఎలక్ట్రానిక్ పెట్టె దాన్ని గ్రిడ్‌కు అందిస్తుంది. ఆ పెట్టెకు మనం ఏం నేర్పితే అదే చేస్తుంది. ఏమీ నేర్పకపోతే కష్టకాలంలో తన దారి తాను చూసుకుంటుంది. పైగా ఎండ మధ్యాహ్నం విరగబడి వస్తుంది. సాయంత్రం ఇళ్ళల్లో దీపాలు వెలిగే వేళకు కనుమరుగవుతుంది. గాలి మరలు ఆషాఢంలో ఊగిపోతాయి, ఆ ఊపు తగ్గాక మందగిస్తాయి. ఇవి దోషాలు కావు, స్వభావాలు. స్వభావం తెలుసుకొని సంసారం చేయాలి.

గ్రిడ్ అంటే ఎంత సున్నితమో మన కళ్ళముందే రెండు ఉదాహరణలున్నాయి. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్ కూలింది. మర్నాడు, జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలి దాదాపు 60 కోట్లమంది చీకటిపాలయ్యారు. ఆరోజు దక్షిణాదిన దీపాలు ఆరలేదు. అది మన గొప్పతనం కాదు. అప్పటికి దక్షిణ గ్రిడ్ తాళం వేరు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కె.వి. లైనుతో మనమూ ఆ కాడికి మెడ అందించాం. మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటితే వచ్చేది ఆ రాయచూరు జిల్లాయే. ఇవాళ ఎక్కడో గుజరాత్‌లో ఒక యంత్రం తడబడితే ఆ అదురు కర్నూలు 765 కె.వి. సబ్‌స్టేషన్ దాకా వస్తుంది. కలిసి ఉంటే బలం, కలిసి కూలితే నష్టం.

రెండోది 2020 ఏప్రిల్ 5. కరోనా లాక్‌డౌన్‌లో రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు దీపాలు ఆర్పమని ప్రధానమంత్రి పిలుపునిచ్చారు. జనం ఆర్పారు. కొద్ది నిమిషాల్లో దేశం మొత్తం మీద వాడకం 31 వేల మెగావాట్ల పైచిలుకు పడిపోయింది. ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 దాకా ఊగింది, కాని గ్రిడ్ కూలలేదు. ఎందుకంటే జలవిద్యుత్ కేంద్రాలను చకచకా తగ్గించి మళ్ళీ పెంచారు. తగ్గించినదే 17 వేల మెగావాట్లకు పైన. చెప్పొచ్చేదేమంటే గ్రిడ్‌ను నిలబెట్టడం సాధ్యమే. దానికి ముందస్తు అంచనా, చెప్పిన మాట వినే యంత్రాలు, నిల్వ ఉన్న నీళ్ళు కావాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఈ యంత్రాంగమంతా సరిగా లేని రోజుల్లో గ్రిడ్‌ను నిలబెట్టింది ఎవరు? 2003 జనవరిలో కొత్త చార్జీల విధానం వచ్చి క్రమశిక్షణ ఏర్పడేవరకు దక్షిణ గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ 48 దరిదాపులకు దిగడం సర్వసాధారణం. దిగినప్పుడల్లా ఎక్కడో ఒకచోట వాడకం తెగ్గొట్టాలి. తెగ్గొట్టేది ఎక్కడ? పట్నంలో కాదు, ఫ్యాక్టరీలో కాదు. ముందుగా పల్లె ఫీడరు. 'ఎ గ్రూపు, బి గ్రూపు' అని వ్యవసాయ కరెంటును వంతులు వేసింది దీనికోసమే. పగలు పట్నానికి అవసరం గనక రైతుకు రాత్రి కరెంటు. నిద్రమాని, టార్చిలైటు పట్టుకొని, పాముపుట్రా చూసుకుంటూ, తడికాళ్ళతో స్టార్టరు దగ్గరికి పోయిన రైతు ఆ గ్రిడ్‌కు ఆధారం. మా నాయనకు ఫ్రీక్వెన్సీ అనే మాట తెలియదు. అయినా ఇరవై ఏళ్ళపాటు ఆయన నిద్ర అమ్మి ఫ్రీక్వెన్సీని కొన్నాడు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. బిల్లు పోయింది గాని రాత్రి పోలేదు. ఆ తరువాత పగటిపూట 9 గంటల విధానం వచ్చిందంటే, అందుకు తోడ్పడినవాటిలో మన ఎండ కూడా ఒకటి.

అందుచేత సోలారును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రైతుకు పగటి నిద్ర మాన్పి రాత్రి నిద్ర ఇచ్చింది అది. కాని ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఫ్రీక్వెన్సీ దేశమంతటికీ ఒకటే, వోల్టేజి మాత్రం ఎవరి ఊరిది వారిది. కాలువ తల దగ్గరివాడికి నీళ్ళు, చివరివాడికి బురద అన్నట్టు, ఫీడరు మొదట్లో నిండు వోల్టేజి, చివర్లో గుడ్డి దీపం. దీనికి తోడు ఆటో స్టార్టర్లు. కరెంటు వచ్చిన మరుక్షణం లైను మీది మోటార్లన్నీ ఒక్క గుక్కలో లేస్తాయి. లేచేటప్పుడు మోటారు లాగే కరెంటు మామూలుకు ఐదారు రెట్లు. వోల్టేజి కుప్పకూలుతుంది. కాయిలు కాలుతుంది, ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. చందాలేసుకొని దాన్ని ట్రాక్టరు మీద పట్నానికి తోలుకుపోయేది రైతులే. మా ఊళ్ళో ఒక ఎండాకాలం చీనీచెట్లు ఇలాగే వాడిపోయాయి. "బాయిలో నీళ్ళుండాయి, తీగలో కరెంటుండాది, చెట్టు మాత్రం ఎండిపాయ" అన్నాడు మా నాయన. దేశం గ్రిడ్ ఆరోజు 50 దగ్గరే ఉండి ఉంటుంది. మా చేను గ్రిడ్ మాత్రం కూలింది.

వోల్టేజి సంగతి చిన్నదని తీసిపారేయడానికి వీల్లేదు. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ దేశాలు నిమిషాల్లో చీకటైపోయాయి. ఎండ బాగా కాస్తున్న వేళ అది. కొందరు వెంటనే "చూశారా, సోలారు వల్లనే" అన్నారు. తరువాత స్పెయిన్ ప్రభుత్వం ఇచ్చిన నివేదికలో తేలింది వేరు. వోల్టేజి హద్దుమీరి పెరిగింది. దాన్ని అదుపు చేయవలసిన మామూలు కేంద్రాలు చాలినంత పనిచేయలేదు. అదుపు చేయగల సౌర కేంద్రాలకేమో ఆ పని నిబంధనల్లో అప్పగించనే లేదు. ఒకదాని వెనుక ఒకటి కేంద్రాలు విడిపోయాయి. అంటే ఎండది నేరం కాదు, ఎండకు బాధ్యత నేర్పని మనిషిది.

జర్మనీ వాళ్ళ అనుభవం ఇంకా చిత్రమైనది. అక్కడ ఇళ్ళ కప్పుల మీది ఇన్వర్టర్లకు ఫ్రీక్వెన్సీ 50.2 దాటగానే విడిపొమ్మని మొదట్లో నేర్పారు. కప్పులు వందల్లో ఉన్నప్పుడు ఏమీ కాలేదు. లక్షల్లోకి పెరిగాక తెలిసొచ్చింది: ఒక్క గీత దగ్గర అన్నీ ఒకేసారి విడిపోతే పెద్ద పెద్ద కేంద్రాలు ఎన్నో ఒక్కసారి ఆగినట్టే. 2012 నుంచి లక్షల ఇన్వర్టర్లను వెతికి వెతికి సరిదిద్దవలసి వచ్చింది. మన ఆటో స్టార్టర్లు ఒక్కసారిగా లేవడం, వాళ్ళ ఇన్వర్టర్లు ఒక్కసారిగా పడుకోవడం ఒకే జబ్బుకు రెండు రూపాలు. చిన్నవన్నీ ఒకేమాట మీద నడిస్తే పెద్ద ప్రమాదం.

ఇప్పుడు మనదగ్గరా ఇళ్ళ కప్పులమీద ప్లేట్లు పెరుగుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుంది. పెట్టించుకున్నవాళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న: "కరెంటు పోతే మా ఇంట్లో కూడా పోతోందే, పైన ఎండ మండిపోతున్నా?" అవును, పోతుంది. లైను మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం ఇన్వర్టరు అలా ఆగిపోవాలి. బ్యాటరీ, దానికి తగిన ఏర్పాటు ఉంటే తప్ప ఇల్లు ఒంటరిగా వెలగదు. ఈ చిన్న విషయం చెప్పేవాడు లేక జనం మోసపోయామనుకుంటున్నారు. ఇంకొక చిక్కు, పార్కులో పుట్టే కరెంటు లెక్క లోడ్ డిస్పాచ్ కేంద్రంలో కనిపిస్తుంది. కప్పుమీద పుట్టేది అక్కడ కనిపించదు, వాడకం తగ్గినట్టు మాత్రమే కనిపిస్తుంది. మబ్బు కమ్మితే వాడకం పెరిగినట్టు కనిపిస్తుంది. కనిపించనిదాన్ని అదుపు చేయడం ఎవరితరం?

నిల్వ సంగతి కూడా మన నేలమీదే తేలవలసి ఉంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. అవి కరెంటు తీయడమే కాదు, తిరగదిప్పి నీటిని పైకి తోడనూ గలవు. అది ఇప్పుడు తెలంగాణ చేతిలో ఉంది. మన పాణ్యం మండలం పిన్నాపురంలో 2022 మే నెలలో శంకుస్థాపన జరిగిన పథకం 1680 మెగావాట్లది. మధ్యాహ్నపు ఎండ కరెంటుతో నీళ్ళు పై జలాశయానికి తోడి, సాయంత్రం దించి కరెంటు తీయడం దాని పని. ఒకసారి నింపుకున్న నీళ్ళే మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి, ఆవిరైనంత కలుపుకుంటే చాలు. గండికోట దగ్గర కూడా ఇలాంటి ప్రతిపాదన వచ్చింది. ఎండను కొండమీద దాచుకోవడమన్నమాట. గుండెకు నిబ్బరమిచ్చే విషయమే. కాని ఆ దాచుకున్న కరెంటు ఎక్కడికి పోతుందన్నది ఒప్పందం చెబుతుంది, కొండ చెప్పదు.

పెద్ద పార్కుల వైపు మాట్లాడే మిత్రులు మా హాస్టల్లోనే ఉన్నారు. "పెద్దదైతే యూనిట్ చవక, అదుపు సులభం. ఊరూరా చిన్న ప్లాంట్లు పెడితే చూసేదెవరు?" అంటారు. ఇందులో నిజముంది. గేటు దగ్గర యూనిట్ చవకే. అయితే ఆ యూనిట్ ఎక్కడెక్కడో తిరిగి ఫీడరు చివరి మోటారుకు చేరేసరికి దారిఖర్చు, నష్టం, లైను కట్టిన ఖర్చు కలిపి ఎంతవుతుందో కూడా లెక్కవేయాలి. ఇంకొకటి, ఆరువేల ఎకరాల పార్కు మీద ఒక్క మబ్బు కమ్మితే ఉత్పత్తి ఒక్కసారిగా పడుతుంది. ఆ వెయ్యి మెగావాట్లే ఆదోని నుంచి బద్వేలు దాకా చెదిరి ఉంటే ఒకచోట మబ్బు, ఒకచోట ఎండ. మొత్తం మీద ఊగిసలాట తగ్గుతుంది. పార్కులు వద్దనను. పార్కులొక్కటే చాలవంటాను.

నా ఉద్దేశంలో జరగవలసినవి ఇవి. మొదటిది, 33/11 కె.వి. సబ్‌స్టేషన్ల పక్కన ఒకటి రెండు మెగావాట్ల ప్లాంట్లు రావాలి. 2019లో మొదలైన కుసుమ్ పథకంలో ఇందుకు చోటుంది. మెగావాటుకు ఐదారెకరాలు చాలు. మెట్టరైతు ఆ భూమిని అమ్ముకోకుండా కౌలుకిచ్చుకోవచ్చు. ఎండ కాసే వేళే మోటార్లు తిరుగుతాయి గనక అక్కడ పుట్టింది అక్కడే ఖర్చవుతుంది, చివరి చేలో వోల్టేజి నిలబడుతుంది. రెండవది, ప్రతి ఇన్వర్టరుకూ వోల్టేజిని, ఫ్రీక్వెన్సీని కాపాడే బాధ్యత నేర్పాలి. గీత దాటగానే పారిపోవడం కాకుండా మెల్లగా తగ్గడం, మెల్లగా పెరగడం నేర్పాలి. ఎండలేని రాత్రివేళ కూడా అది వోల్టేజికి దన్నుగా నిలవగలదు. మూడవది, మోటార్లన్నీ ఒక్కసారి లేవకుండా ఫీడర్లను నిమిషాల తేడాతో వేయాలి. స్టార్టరులో చిన్న టైమరు, మోటారుకో కెపాసిటరు పెట్టడం కొండలు తవ్వే పని కాదు. నాలుగవది, సీమలో కట్టే నిల్వ పథకాల్లో ఒక వంతు సీమ సాయంత్రాలకు కేటాయించాలి. ఐదవది, ఇవన్నీ చూసుకునే పని మన ఐ.టి.ఐ., డిప్లొమా పిల్లలకు దక్కాలి. భూమి మనదై, కాపలా ఉద్యోగం మాత్రమే మనదైతే దాన్ని అభివృద్ధి అనలేం.

1937 శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర నీళ్ళలో సీమకు ప్రాధాన్యమన్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1956లో పోయింది. నీళ్ళ లెక్క మన పెద్దలు ఈనాటికీ అడుగుతూనే ఉన్నారు. నీళ్ళు పైనుంచి రావాలి గనక ఎవరో ఒకరు అడ్డుకోవచ్చు. ఎండ అలా కాదు, అది నేరుగా మన నెత్తిమీదే పడుతుంది. దాన్ని ఎవరూ మళ్ళించలేరు. ఒప్పందాలు మాత్రమే మళ్ళించగలవు. అందుకే ఒప్పందం రాసేనాడు మనవాళ్ళు పక్కన కూర్చొని ఉండాలి. కూర్చున్నవాడికి మెగావాటుకూ మెగావాట్ అవర్‌కూ తేడా తెలిసి ఉండాలి.

సోదర విద్యార్థులారా! మన ప్రయోగశాలలో ఆల్టర్నేటరును బస్‌బారుకు కలిపే ప్రయోగం చేస్తాం. దీపాలు మూడూ ఆరే క్షణం చూసి స్విచ్ వేస్తాం, మార్కులు వేయించుకుంటాం. ఆ చదువు రికార్డు పుస్తకంలోనే ఆగిపోకూడదు. ఈ సెలవుల్లో మీ ఊరికి పోయినప్పుడు ఒక మీటరు తీసుకుపోండి. మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, ఫీడరు మొదట్లో, చివర్లో వోల్టేజి కొలిచి రాసుకోండి. యాభై ఊళ్ళ లెక్క మన చేతిలో ఉంటే అది ఏ ఉపన్యాసం కన్నా గట్టిగా మాట్లాడుతుంది. అడగడం మన హక్కు. లెక్కతో అడగడం మన చదువుకు గౌరవం.